అన్నము పెట్టిన తరువాత

ఇల్లు కోల్పోయిన వానికి మనము ఎంతవరకు ఋణపడియున్నాము? ఒక పూట అన్నము వరకా, తలపై కప్పు వరకా, అంతకు మించియా? సుడిగాలి యైనను, ఉప్పెన యైనను ప్రశ్న ఒక్కటియే. తెలుగువారి ముందు దానిని 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన నిలిపినది.

కృష్ణానది పాయల నడుమనున్న ఆ సీమపైకి సముద్రము ఇండ్లను మించిన యెత్తున లేచి వచ్చినది. ప్రభుత్వపు లెక్కలోనే మృతులు సుమారు 10 వేలు. సొర్లగొంది వంటి తీరగ్రామములలో బ్రదికినవారికి కట్టుగుడ్డ తప్ప మిగిలినది లేదు. అప్పుడు లోకము చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావుగార్లు జోలె పట్టి వీధులలో తిరిగిరి. మండలి వెంకటకృష్ణారావుగారు మంత్రియై యుండియు ఆ బురదలో నడచి సేవ చేసిరి. రామకృష్ణ మిషన్ మొదలగు సంస్థలు పక్కా ఇండ్లు కట్టించినవి. ఇది యంతయు స్మరింపదగినదే.

అయితే దానము వేరు, దాసోహము వేరు. దానమున ఇచ్చువాడు ఒక మెట్టు పైన నిలుచును. దాసోహమున ఇచ్చువాడే దాసుడు. బసవేశ్వరుడు దాసోహమును కాయకముతో ముడివేసెను. ఈ ముడిని మనము ఇచ్చువానికి మాత్రమే చెప్పుకొనుచుందుము: చెమటోడ్చి ఆర్జించినదే సమర్పింపవలెనని. పుచ్చుకొనువానికి అది వర్తింపదా? అతనికిని ఒక కాయకము ఉండెను గదా! దానిని విడిచి అన్నము మాత్రమే పెట్టినచో, మన కాయకమును నిలుపుకొని అతని కాయకమును మరచినవారమగుదుము.

వల, పడవ పోయిన బెస్తవానికి దినదినము పంక్తిలో అన్నము పెట్టినచో అతడు బ్రదుకును. కాని బెస్తవాడుగా బ్రదుకడు. రైతు సంగతి ఇంకను కష్టము. ఎద్దులు కొట్టుకొనిపోయినవి. చేనిలో ఉప్పునీరు నిలిచినది. మంచినీరు పెట్టి, మురుగు తీసి ఆ ఉప్పును కడిగిన గాని నారు నిలువదు. అది ఒక పక్షములో తీరు పని కాదు. మన సానుభూతి యన్ననో సాధారణముగ ఒక పక్షమునకు మించి నిలువదు. (చిరిగిన బట్టల మూటలు పంపి తృప్తి చెందువారి సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.)

“ఉచితమునకు అలవాటుపడి సోమరులగుదురు” అని కొందరందురు. పనిముట్టు నీటిపాలైన చేతిని సోమరి చేయి యనుట న్యాయమా? మరికొందరు, “తీరమునకు దూరముగా ఇల్లిచ్చినను వదలి పోయినాడు, కృతఘ్నుడు” అందురు. సముద్రమే పొలమైనవాడు సముద్రమునకు దూరముగా ఎట్లుండగలడు? ప్రాణరక్షణకు ఎత్తైన ఆశ్రయభవనము కావలెను, నిజమే. కాని ఇల్లెక్కడ కట్టవలెనో ముందుగా ఆ ఇంటిలో నుండబోవు వానినే అడిగియుండవలసినది.

మన మఠములలో దాసోహపు పొయ్యి ఆరదు. విపత్తు వచ్చినప్పుడు ఆ వంటశాల ప్రక్కనే ఒక చిట్టా తెరచి, ఎవరి చేత ఏ పనిముట్టు ఉండెనో వ్రాసికొని, వల యైన వల, మగ్గమైన మగ్గము, కాడియెడ్లయిన కాడియెడ్లు తిరిగి సమకూర్చు వరకు దానిని మూయకుండుట సాధ్యమే. ఇంటి పట్టా గాని, సెంటు భూమి గాని లేని కూలివాని పేరు సర్కారు జాబితాకు ఎక్కుట కష్టము గనుక, ఆ చిట్టాలో మొదటి పుట అతనికి విడువవలెను.