తెరపై పందెము – కంటియెదుటి పందెము

పందెము చూచుట మనుష్యునికి సహజమైన వేడుక. పరుగెత్తునది ఎద్దైనను, గుఱ్ఱమైనను, మోటారు కారైనను, ముందు చేరునది యేదియో యను కుతూహల మొక్కటియే. ఈ వేడుకను నేడు మనము రెండు విధముల ననుభవించుచున్నాము. బరి యొద్దకు పోయి చూచుట యొకటి. ఇంట కూర్చుండి టెలివిజను తెరపై చూచుట రెండవది. వీనిలో ఏది నిజమైన చూపు? ప్రశ్న చిన్నదిగా తోచును గాని, దీని వెనుక ధర్మవిచార మొకటి దాగియున్నది.

ముందుగా తెరకు న్యాయము చేయుదము. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేనుసాగరు తీరమున విద్యుత్తుతో నడచు కార్ల ఫార్ములా-ఈ పందెము జరిగెను. ఆ పందెము మన దేశమునకు వచ్చుట అదియే మొదటిసారి. సుమారు 2.8 కిలోమీటర్ల వీధిబాటపై ఫ్రాన్సు దేశీయుడగు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. తెలుగుగడ్డపై జరిగిన ఆ పందెమును మేము హోసూరులో ఇంటనుండియే చూచితిమి. మలుపు మలుపును కనబడెను. కారులోపలి కెమెరా చోదకుని చేతుల కదలికను సైతము చూపెను. తప్పిన క్షణమును మరల మరల చూడగలిగితిమి. బాట ప్రక్కన కూర్చున్నవానికి ఒక్క మలుపే దక్కును. కారు రెప్పపాటున వచ్చి పోవును. ముందున్న దెవ్వరో ప్రక్కవాని నడుగవలెను. ముసలివారికి, రోగులకు, దూరదేశమున నున్నవారికి తెర చేసిన ఉపకారము కాదనరానిది.

అయినను జనులు బరి యొద్దకు పోవుట మానలేదు. అమెరికాలో స్ప్రింటు కార్లు, నెత్తిపై పెద్ద రెక్క దాల్చి, పొట్టి మట్టిబాటపై గుండ్రముగా తిరుగును. ఇంజను మ్రోత రొమ్ములో అదరును. చక్రములు చిమ్మిన మట్టి మీద పడును. తెర ఈ రెంటిని ఈయజాలదు. అంత దూరమేల? మన కృష్ణగిరి జిల్లాలో సంక్రాంతి వెళ్లిన పిమ్మట జరుగు ఎద్దుల పరుగు పండుగ అట్టిదే. కొమ్ములకు బహుమానముల తడిక కట్టిన ఎద్దు జనుల నడుమ దూకివచ్చును. కొన్ని తావుల నిర్ణీతదూరమును తక్కువ సెకండ్లలో దాటిన ఎద్దునకు బహుమతి. 2014లో సుప్రీంకోర్టు ఇట్టి క్రీడలను నిషేధించెను. 2017లో తమిళనాడు చట్టమును సవరించెను. ఆ సవరణ చెల్లునని 2023 మే 18వ తేదీన అదే న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆ యేడే ఫిబ్రవరిలో, పండుగకు అనుమతి ఆలస్యమైనదని హోసూరు సమీపమున జనులు జాతీయ రహదారిని అడ్డగించిరి. ఆ పద్ధతిని మేము మెచ్చము. కాని తెరపై చూచుటతో తృప్తి తీరునదైన, జనులు దానికై వీధికెక్కుదురా?

దగ్గర నుండి చూచుటలో సుఖ మెక్కువ యని ఇంతటితో ముగింపవచ్చును. మాకు కలిగిన అనుభవ మొకటి అట్లు ముగింపనీయదు. కొన్ని యేండ్ల క్రిందట కృష్ణగిరి చెంత నొక పల్లెకు ఆ పండుగ చూడబోయితిమి. ఎద్దు తాకిడికి ఒక యువకుడు పడిపోయెను. మా చుట్టునున్న చేతులన్నియు పైకి లేచినవి. అవి ఆదుకొనుటకు లేచినవి గావు. సెల్‌ఫోనులతో చిత్రము తీయుటకు లేచినవి. అందు మా చేయియు నుండెను. ఇంతలో ఒక ముసలి రైతు కంచె దూరి పోయి, వాని చంకలు పట్టి ఈడ్చుచు, "సూస్తా నిలబడితే ఎట్లప్పా? కాళ్లు పట్టుకోండి!" అని కేకవేసెను. మేము సిగ్గుపడి ఫోను జేబులో పెట్టి కాళ్లు పట్టుకొంటిమి. యువకుడు బ్రతికెను. కాని ఆ రైతు పిలుచువరకును మేము బరిలో నుండియు, ఇంట కూర్చున్నవారమే యైతిమి.

1973 జూలై 29వ తేదీన హాలెండులోని జాండ్‌వోర్ట్ బాటపై ఇంతకంటె దారుణము జరిగెను. రోజర్ విలియంసన్ అను యువకుని కారు తలక్రిందులై మంటలంటుకొనెను. అతడు లోపల చిక్కుకొనెను. వెనుక వచ్చుచున్న డేవిడ్ పర్లీ తన కారు నాపి, పరుగెత్తి, ఒంటరిగా ఆ కారును తిరుగవేయ యత్నించెను. అగ్నినోర్చు దుస్తులు లేని బాట ఉద్యోగులు దరి చేరలేకపోయిరి. తక్కిన చోదకులలో పలువురు పర్లీయే ఆ కారు యజమాని యనియు, అతడు బయటపడెననియు తలంచి సాగిపోయిరి. పందెము ఆగలేదు, విలియంసన్ మరణించెను. ఇదియంతయు టెలివిజను చూపెను. స్పష్టముగా చూచినవారికి చేయ వీలులేదు. చేయగలవారికి స్పష్టముగా తెలియలేదు. పర్లీకి పిమ్మట జార్జి పతక మిచ్చిరి.

మన భారతమందును ఇట్టి చూపు కలదు. యుద్ధము చూచుటకు వ్యాసుడు దివ్యదృష్టి నిత్తుననగా, బంధువుల చావు చూడజాలనని ధృతరాష్ట్రుడు వలదనెను. సంజయుడు చెప్పగా వినెను. వినుటలో అతనికి లోపమేమియు లేదు. కాని ద్యూతసభలో తానే పెద్దయై కూర్చున్ననాడు, నోరు విప్పవలసిన వేళకు విప్పలేదు. దోషము దూరముననే లేదు. దగ్గర నుండియు దూరమగుటలో నున్నది.

కావున మాకు తోచిన దిది. ఎక్కువ చూపునది తెర. ఎక్కువ అడుగునది సన్నిధి. ఎదుటనున్నవానిపై పడినవానికి హక్కు కలదు. తెర ముందున్నవాని నెవ్వరును చేయి చాపి పిలువరు. అతనికి మిగిలిన ధర్మము, ఒకని పాటును వినోదముగా మరల మరల వేసికొని చూడకుండుట.

హోసూరు చంద్రచూడేశ్వరుని తేరును విదేశములందలి మన బిడ్డలు ఫోనులో చూచుచున్నారు. చూడనిమ్ము, అదియు భక్తియే. కాని ఊరనున్న మనము సైతము మిద్దె మీదనుండి చిత్రము తీసి పంపుటతో ఊరకుండిన, పగ్గము పట్టువా రెవ్వరు? వచ్చు తేరునాటికి పిల్లలను వెంటబెట్టుకొని వీధిలోనికి దిగుదము. ఫోను జేబులో నుండనిమ్ము.