రాత్రి అతిగా తిని, పొద్దున ఉపవాసం: ఇది నిగ్రహమేనా?

పెళ్లి భోజనంలో రెండు బొబ్బట్లు ఎక్కువ తినడం వేరు. ఆకలి లేకపోయినా తింటూనే ఉండటం, ఆపాలనుకున్నా చెయ్యి ఆగకపోవడం, తర్వాత సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేకపోవడం వేరు. వారానికి ఒక్కసారైనా, మూడు నెలల పాటు ఇలా జరుగుతుంటే డాక్టర్లు దాన్ని బింజ్ ఈటింగ్ డిజార్డర్ అంటారు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 దీన్ని విడి జబ్బుగా గుర్తించింది.

మన ఇళ్లలో మాత్రం దీనికి ఒకటే పేరు: నిగ్రహం లేకపోవడం. అందుకే మర్నాడు శిక్షగా కడుపు మాడ్చుకుంటాం. అప్పుడప్పుడు దానికి ఏకాదశి అని పేరు కూడా పెట్టేస్తాం.

గీత రెండో అధ్యాయం 59వ శ్లోకం సంగతి ఇక్కడే. ఆహారం మానేసినవాడికి విషయాలు దూరమవుతాయి గానీ, వాటి మీద రుచి లోపల అలాగే ఉండిపోతుందని కృష్ణుడు అంటాడు. ఆరో అధ్యాయంలో అయితే అతిగా తినేవాడికీ, అసలు తిననివాడికీ యోగం కుదరదని చెప్తాడు. రాత్రి అతి, పొద్దున సున్నా: రెండూ ఒకే చక్రం. ఆకలి పేరుకుపోయినకొద్దీ రాత్రి మళ్లీ అదుపు తప్పడం తేలిక.

అమెరికన్ సైకాలజిస్ట్ జీన్ క్రిస్టెల్లర్ ఈ సమస్యకి ధ్యానాన్ని వాడి చూశారు. 1999లో వచ్చిన ఆమె తొలి అధ్యయనంలో 18 మంది మహిళలు ఆరు వారాలు సాధన చేశారు. వారానికి సుమారు నాలుగుసార్లు జరిగే బింజ్ ఒకటిన్నరకి తగ్గింది. చిన్న అధ్యయనం, పోల్చడానికి వేరే గ్రూప్ కూడా లేదు. కానీ 2014లో పోలిక గ్రూపులతో వచ్చిన అధ్యయనంలోనూ తగ్గుదల కనిపించింది.

అందులో ఏ పదార్థమూ నిషేధం కాదు. ఒక్క ఎండుద్రాక్షని చూసి, వాసన చూసి, నెమ్మదిగా నమలడంతో మొదలవుతుంది. ఇది ఆకలా, దిగులా? మొదటి ముద్దలో ఉన్న రుచి పదో ముద్దలో ఉందా? అంతే, గమనించడం.

"ఇది మనల్ని మనం వదిలేసుకోవడమే కదా?" అనిపించొచ్చు. నిజానికి తేలిగ్గా వదిలేసేది శిక్షే. ఉపవాసం చేశాం, లెక్క సరిపోయింది అనుకుంటాం. లోపల ఏం జరిగిందో చూడనే చూడం. లాగ్స్ చూడకుండా సర్వర్ రీస్టార్ట్ చేసినట్టు! సాక్షిగా కూర్చుని చూడటానికే ఎక్కువ నిజాయితీ కావాలి.

ఏకాదశి భగవంతుడి కోసం. నిన్నటి ప్లేటుకి జరిమానాగా కాదు. ఈ బాధ మీలో ఎవరికైనా ఉంటే సైకియాట్రిస్ట్‌ని కలవండి, ధ్యానం దానికి తోడుగా ఉంటుంది. ఈ రాత్రి అదుపు తప్పినా సరే, రేపు పొద్దున టిఫిన్ మాత్రం మానకండి.