అన్నీ ఒకటే అనకుండానే

మన తిరుపతిలో నలుగురు ఆడవాళ్ళు కూర్చున్నచోట మతం మాట వచ్చిందంటే చివరికి తేలేది ఒకటే: "ఎవరు ఏ పేరుతో కొలిస్తేనేం, దేవుడు ఒక్కడే గదమ్మా!" మంచి మాటే. పోట్లాట రానివ్వని మాట. కానీ దాంతో కబుర్లు కూడా అక్కడితో ఆగిపోతాయి, గమనించారా? ఇక అడగడానికేమీ మిగలదు. పక్కింటావిడ రంజాను నెలలో తెల్లవారకముందే లేచి పొయ్యి వెలిగిస్తుంది. ఎదురింటావిడ ఆదివారం పొద్దున్నే బైబిలు పట్టుకుని బయల్దేరుతుంది. వాళ్ళు ఏం నమ్ముతారో మనం అడగం. బీబీ నాంచారమ్మ తురకల ఆడపడుచనీ, మన స్వామికి దేవేరి అయిందనీ కథగా చెప్పుకుని మురిసిపోతాం. ఆవిడ పుట్టింటివాళ్ళ విశ్వాసమేమిటో మాత్రం తెలుసుకోం.

ఒక సంగతి చెప్తే ఆశ్చర్యపోతారేమో. ఖురానులో పేరుపెట్టి చెప్పిన స్త్రీ ఒక్కతే. ఆమె మరియమ్మ, ఏసుక్రీస్తు తల్లి. 19వ అధ్యాయానికి ఆమె పేరే. బైబిల్లో ఆమె బిడ్డను కని పశువుల తొట్టిలో పడుకోబెట్టింది. ఖురానులో, అయినవాళ్ళకు దూరంగా, ఖర్జూరపు చెట్టు మొదట్లో ఒంటరిగా నొప్పులు పడింది. చెట్టు ఊపితే పళ్ళు రాలతాయి, తిని సేదదీరమని ఓ ఓదార్పు వినిపించింది. పురిటినొప్పులు పడ్డవాళ్ళకు ఈ రెండుచోట్లా ఉన్న తల్లిని వేరే పరిచయం చెయ్యాలా?

అయితే, "చూశారా, రెండూ ఒకటే!" అనేయకండి. అక్కడే ఉంది అసలు చిక్కు. ఏసు క్రైస్తవులకు దేవుని కుమారుడు. ముస్లిములకు ఆయన ఈసా, కన్య కన్న బిడ్డ, గొప్ప ప్రవక్త. కానీ దేవుడు కాడు. శిలువ మీద మరణించాడన్నదీ వాళ్ళలో ఎక్కువమంది ఒప్పుకోరు. క్రైస్తవులకేమో ఆ మరణమే ఆయువుపట్టు. ఈ తేడాను ఏ సర్దుబాటు మాటా చెరిపెయ్యలేదు.

మరి తేడా ఉన్నవాళ్ళు మాట్లాడుకోవడం ఎలా? 2006 సెప్టెంబరులో పోపు పదహారో బెనెడిక్టు జర్మనీలో ఉపన్యసిస్తూ, ఇస్లామును నిందించిన పాతకాలపు చక్రవర్తి మాటలు ఉదహరించారు. ఎన్నో దేశాల్లో కోపాలు రేగాయి. అది తన అభిప్రాయం కాదని ఆయన తర్వాత చెప్పుకున్నారు. ఏడాది తిరిగాక, 2007 అక్టోబరు 13న, 138 మంది ముస్లిం పండితులు ఆయనకూ, తక్కిన క్రైస్తవ పెద్దలకూ బహిరంగ లేఖ రాశారు. అందులో తిట్టుకు తిట్టు లేదు. దేవుణ్ణి ప్రేమించాలి, పొరుగువాణ్ణి ప్రేమించాలి అన్న రెండు మాటలూ మీ గ్రంథంలోనూ ఉన్నాయి, మా గ్రంథంలోనూ ఉన్నాయి. ఇక్కణ్ణుంచి మొదలుపెడదాం రండి అన్నారు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయ పండితులు రాసిన జవాబు మీద 300 మందికి పైగా క్రైస్తవులు సంతకాలు పెట్టారు. శిలువ యుద్ధాల నాటి పాపాలకు అందులో ముందే క్షమాపణ అడిగారు. 2008 నవంబరులో ముస్లిం పండితులూ, కేథలిక్ పెద్దలూ రోములో ఎదురెదురుగా కూర్చున్నారు. ఎవరి నమ్మకాన్నీ ఎవరూ వదులుకోలేదు.

అంత దూరం ఎందుకు, మన హైదరాబాదులోనే హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1930లో లాహోరులో పుట్టింది. ముస్లిములకు క్రైస్తవం బోధించేవాళ్ళను తయారుచెయ్యడం అప్పట్లో దాని పని. 1971లో హైదరాబాదుకు చేరింది. రానురాను మతాల మధ్య సయోధ్య కోసం పనిచేసే సంస్థగా మారింది. ఎదుటివాళ్ళను గెలవడానికి తెరిచిన పుస్తకాలనే, వాళ్ళను అర్థం చేసుకోవడానికి చదివారన్నమాట. చదువుకు ఆ గుణం ఉంది సుమా!

"ఉత్తరాలతో కొట్లాటలు ఆగాయా?" అంటారా. ఆగలేదు. అందుకే ఈ పని పండితులకే వదిలెయ్యడానికి వీల్లేదు.

ఆ మాటకొస్తే మన ఇళ్ళలోనే చూడండి. కొత్తకోడలు పూజకు కూర్చుంటే, "అందరి ఇళ్ళలోనూ ఒకటేలే, నేను చెప్పినట్టు కానీ" అనే అత్తగారుంది. "మీ పుట్టింట్లో ఎలా చేస్తారమ్మా?" అని అడిగే అత్తగారూ ఉంది. కోడల్ని మనిషిగా చూసింది ఎవరంటారు?

"అన్నీ ఒకటే" అనడం సులువు. "నీదేమిటో చెప్పు, వింటాను" అనడం కష్టం. విన్నది మన నమ్మకానికి పొసగకపోవచ్చు. పొసగకపోయినా లేచిపోకుండా కూర్చోవడం ఇంకా కష్టం. కానీ గౌరవమనేది ఉంటే, అది అక్కడే ఉంటుందనిపిస్తుంది నాకు. మీరేమంటారు?