తొంభై రోజుల పిలుపు

మన బడుల్లో అబ్రహాం లింకన్ పేరు తెలియని పిల్లలు ఉండరు. గురుపూజోత్సవం నాడు ఎవరో ఒకరు లేచి, లింకన్ తన కొడుకు చదివే బడి పంతులుకు రాశాడంటూ ఒక ఉత్తరం చదువుతారు. ఆ ఉత్తరం లింకన్ రాసినట్టు ఆధారం ఏదీ దొరకలేదు. అయినా ఏటా వినిపిస్తూనే ఉంటుంది. ఆయన నిజంగా సంతకం పెట్టిన కాగితం ఒకటుంది. అది 1861 ఏప్రిల్ 15 నాటి ప్రకటన. రాష్ట్రాల మిలీషియా నుంచి 75,000 మంది కావాలి అని అందులో పిలిచాడు. గడువు మూడు నెలలు. గురుపూజోత్సవం ఉత్తరం కన్నా ఈ కాగితం మీద మనం ఎక్కువ ఆలోచించాలని మాకు అనిపిస్తుంది.

జరిగింది ఇది. బానిసలను ఉంచుకోవడం తమ హక్కు అనే దక్షిణాది రాష్ట్రాలు ఏడు, దేశం నుంచి విడిపోయామని ప్రకటించుకున్నాయి. ఏప్రిల్ 12న చార్లెస్టన్ రేవులోని సమ్టర్ కోట మీద ఫిరంగులు పేల్చాయి. 14న కోటలోని ప్రభుత్వ సైనికులు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. మరునాడే ఈ పిలుపు. అప్పటికి అమెరికా సైన్యం మొత్తం సుమారు 16,000 మందే. వాళ్ళలో ఎక్కువ మంది పడమటి సరిహద్దుల్లో ఉన్నారు. పడమటి సరిహద్దు అంటే అక్కడి ఆదివాసుల నేల. చరిత్ర పుస్తకాలు ఈ మాట చెప్పి ముందుకు పోతాయి. మనం పోలేం. దీని దగ్గరికి మళ్ళీ వస్తాం.

మిలీషియా అంటే జీతం మీద బతికే సైన్యం కాదు. రైతు, కమ్మరి, గుమాస్తా, బడిపంతులు, ఇలాంటి వాళ్ళే పిలిచినప్పుడు తుపాకీ పట్టి, పని అయ్యాక ఇంటికి పోవాలి. లింకన్ ఆధారం చేసుకున్నది 1795 నాటి చట్టం. కోర్టుల వల్లా మామూలు అధికారుల వల్లా అణచలేనంత పెద్ద తిరుగుబాటు వస్తే అధ్యక్షుడు మిలీషియాను పిలవవచ్చు, కానీ ఒక ఏడాదిలో మూడు నెలలకు మించి ఎవరినీ ఉంచకూడదు అని ఆ చట్టం. పోయిన కోటలను తిరిగి తెచ్చుకోవాలి, దేశాన్ని కలిపి ఉంచాలి అని ప్రకటనలో ఉంది. శాంతంగా ఉన్నవాళ్ళ ఆస్తి జోలికి పోవద్దన్న జాగ్రత్త కూడా ఉంది. బానిసత్వం అన్న మాట మాత్రం అందులో లేదు. ఆ రోజుల్లో దక్షిణాదిన ఆస్తి అన్న మాటలో మనుషులు కూడా లెక్కే అని గుర్తు పెట్టుకుని చదివితే ఆ జాగ్రత్త అర్థం వేరుగా ఉంటుంది.

గూడెంలో డోలు మోగితే ఇంటికొక మనిషి బయటికి రావాలి. ఇల్లు అంటుకున్నా, అడవిలో మనిషి తప్పిపోయినా ఎవరూ సాకు చెప్పరు. ఇది మనకు తెలిసిన నీతి. కానీ రెండు గూడేల మధ్య తగాదా పుడితే డోలు వెంటనే మోగదు. ముందు పెద్దలు కూర్చుంటారు. లింకన్ కాంగ్రెసు సభ్యులను జూలై 4న సమావేశం కావాలని అదే ప్రకటనలో పిలిచాడు. అంటే పెద్దలు కూర్చోవడానికి ఇంకా ఎనభై రోజులుండగానే డోలు మోగింది. కోట మీద ఫిరంగి పేలిన తర్వాత ఆయన పిలవకుండా ఉండాల్సిందని మేము అనం. పిలిచేవాడికి హక్కు ఉందా అన్నది చట్టం తేల్చే ప్రశ్న. వినేవాడు వెళ్ళి తీరాలా అన్నది చట్టంతో తేలే ప్రశ్న కాదు. మనల్ని పట్టుకునేది ఈ రెండోదే.

మొదట జవాబు చెప్పినవాళ్ళు గవర్నర్లు. ఉత్తరాదిన అడిగిన దానికన్నా ఎక్కువ మందిని ఇస్తామన్నారు. వర్జీనియా, ఉత్తర కరోలినా, టెన్నెసీ, ఆర్కన్సా, కెంటకీ, మిస్సోరీ గవర్నర్లు ఇవ్వం అన్నారు. సోదర రాష్ట్రాల మీదికి మా పిల్లలను పంపం అన్నారు. వినడానికి ఎంతో బాగుంది. మన వాళ్ళలో చాలామంది ఈ మాట వరకే చదివితే ఆ గవర్నర్లకే దండం పెడతారు. అయితే వీళ్ళలో మొదటి నలుగురి రాష్ట్రాలు కొద్ది వారాల్లోనే విడిపోయిన వాళ్ళతో కలిశాయి. లింకన్‌కు ఇవ్వనన్న కుర్రవాళ్ళనే జెఫర్సన్ డేవిస్ సైన్యానికి ఇచ్చాయి. వాళ్ళు కాదన్నది యుద్ధాన్ని కాదు, ఒక పక్షాన్ని.

ఇంకొకటి. వర్జీనియా గవర్నరు కాదన్నప్పుడు ఆ రాష్ట్రంలో దాదాపు 4 లక్షల 90 వేల మంది బానిసలున్నారు. ఆ కాదు అన్న మాటలో వాళ్ళ మాట లేదు. పడమటి కొండల జిల్లాల వాళ్ళు మేము మీతో రామని విడిపోయి, 1863లో వెస్ట్ వర్జీనియా అనే వేరే రాష్ట్రమయ్యారు. ఒక మనిషి రాష్ట్రం మొత్తం తరఫున అవును అన్నా కాదు అన్నా, అడగని గొంతులు దాని కింద ఎన్ని ఉన్నాయో చూడాలి. మన తరఫున ఎవరో మాట్లాడేయడం మనకు కొత్త కాదు కాబట్టి ఇది మనకు త్వరగా అర్థమవుతుంది.

రాబర్ట్ లీ సంగతి ఇంతకన్నా కష్టం. ఆయన వర్జీనియా వాడు, ముప్పై ఏళ్ళకు పైగా ప్రభుత్వ సైన్యంలో పనిచేసిన వాడు. ఏప్రిల్ 18న ఆయనకు ఉత్తరాది సైన్యానికి నాయకత్వం ఇవ్వజూపారు. 20న రాజీనామా రాసేశాడు. బంధువుల మీద, పిల్లల మీద, పుట్టిన ఇంటి మీద చెయ్యెత్తలేనన్నాడు. ఏ గట్టు వాళ్ళమైనా మనం దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. రక్తం, చుట్టరికం అన్నవే మన జీవితానికి వాసాలు. కానీ లీ భార్య పుట్టింటి ఆస్తిగా వచ్చిన ఆర్లింగ్టన్ పొలాల్లో ఆ రోజు బానిసలు పనిచేస్తూనే ఉన్నారు. నా వాళ్ళు అన్నప్పుడు ఆయన లెక్కలో వాళ్ళు లేరు. చుట్టరికం నీతికి మొదటి మెట్టు అని మేము నమ్ముతాం. ఆ మెట్టు మీదే ఆగిపోయిన మనిషి ఎంత మర్యాదస్తుడైనా ఎలాంటి పనికి దిగుతాడో లీ చరిత్రలో కనిపిస్తుంది. వర్జీనియా వాడే అయిన జార్జ్ థామస్ అనే అధికారి ప్రభుత్వ సైన్యంలోనే ఉండిపోయాడు. అక్కచెల్లెళ్ళు ఆయనతో తెగతెంపులు చేసుకున్నారు. అదీ చిన్న ఖరీదు కాదు.

ఇప్పుడు వెళ్ళినవాళ్ళ దగ్గరికి వద్దాం. మాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా విలువైన ఘట్టం ఇక్కడే ఉంది. తొంభై రోజుల మనుషులు వచ్చారు. జూలై నెల వచ్చేసరికి వాళ్ళ గడువు దగ్గర పడింది. గడువు దాటకముందే ఒక్క దెబ్బ కొట్టాలన్న తొందరలో జూలై 21న బుల్ రన్ యుద్ధం జరిగింది. ఆ యుద్ధానికి ముందు రోజు నాలుగో పెన్సిల్వేనియా దళం, న్యూయార్క్ ఫిరంగి దళం ఒకటి, మా గడువు అయిపోయిందన్నాయి. సేనాపతి మెక్‌డొవెల్ ఇంకొన్నాళ్ళు ఉండమని బతిమాలాడు. ఉండలేదు. ముందు వైపు ఫిరంగులు మోగుతుంటే వెనక్కి నడిచి వెళ్ళిపోయారు. ఆ యుద్ధంలో ఉత్తరాది ఓడింది. వాళ్ళకు పిరికివాళ్ళని పేరు వచ్చింది.

నాలుగో పెన్సిల్వేనియా దళానికి కర్నల్ జాన్ హార్ట్‌రాన్‌ఫ్ట్. తన మనుషులు ఇంటికి పోతుంటే ఆయన ఆగిపోయి, ఇంకొక దళంతో కలిసి ఆ రోజు యుద్ధం చేశాడు. దానికే చాలా ఏళ్ళ తర్వాత ఆయనకు దేశంలోని అతి పెద్ద సైనిక పతకం ఇచ్చారు. ఆయనకు పతకం రావడం న్యాయమే. అయితే ఆయన గొప్పవాడు కాబట్టి అతని మనుషులు తప్పు చేశారనడం మాకు కుదరడం లేదు. మూడు నెలలు అన్నది ఆ మనుషులు పెట్టిన షరతు కాదు. పిలిచినవాడు ఇచ్చిన మాట అది, చట్టం గీసిన గీత అది. పేదవాడు మాట తప్పితే నేరం, రాజ్యం మాట తప్పితే అవసరం అన్న లెక్క మన కొండల్లో మనం చాలా చూశాం. గడువు నాటికి ఇంటికి పోయినవాడు ఆ లెక్కను ఒప్పుకోలేదు. ఉండిపోయినవాడు ఇవ్వాల్సిన దానికన్నా ఎక్కువ ఇచ్చాడు. ఎక్కువ ఇవ్వడాన్ని మెచ్చుకోవచ్చు. ఎక్కువ ఇవ్వలేదని ఎవరినీ నిందించకూడదు.

తొంభై రోజులు నాలుగేళ్ళయ్యాయి. మే నెలలోనే లింకన్ మూడేళ్ళ సైనికులను పిలిచాడు. 1863లో ఉత్తరాదిన నిర్బంధ సైన్య చట్టం వచ్చింది. 300 డాలర్లు కట్టగలిగినవాడు తప్పించుకోవచ్చు. దక్షిణాదిన ఇరవై మంది బానిసలున్న తోటకు ఒక తెల్లవాడికి మినహాయింపు ఇచ్చారు. ఎవరి ఆస్తి కోసం యుద్ధమో వాళ్ళకే సెలవు. అంతా అయ్యేసరికి ఆరు లక్షలకు పైగా చనిపోయారు.

పిలుపు చేరని వాళ్ళ మాటేమిటి? 1792 చట్టం ప్రకారం మిలీషియాలో ఉండాల్సింది తెల్లజాతి పౌరులే. పిలుపు విని మేమూ వస్తామని నల్లవాళ్ళు ముందుకొస్తే వద్దన్నారు. 1862 జూలైలో చట్టం మార్చి తీసుకున్నారు. తెల్ల సైనికుడికి నెలకు 13 డాలర్లయితే నల్ల సైనికుడికి 10, అందులోనూ బట్టలకు 3 పట్టుకునేవారు. యాభై నాలుగో మసాచుసెట్స్ దళం వాళ్ళు ఆ తక్కువ జీతాన్ని ముట్టుకోమన్నారు. ఇళ్ళ దగ్గర పెళ్ళాం పిల్లలు పస్తులుంటున్నా నెలల తరబడి జీతం తీసుకోకుండానే యుద్ధం చేశారు. వెళ్ళడానికి అవునన్నారు, అవమానానికి కాదన్నారు. ఈ రెండూ ఒకే మనిషి ఒకేసారి అనగలడని వాళ్ళ వల్ల తెలుస్తుంది.

ఇక ఆదివాసులు. ఇప్పటి ఓక్లహోమా ఆ రోజుల్లో ఇండియన్ టెరిటరీ. చెరోకీలు, క్రీకులు, మరికొన్ని జాతులను తూర్పున ఉన్న సొంత నేలల నుంచి తరిమి అక్కడ పెట్టారు. మిమ్మల్ని మేము కాపాడతామని ఒప్పందాలు రాసిచ్చారు. యుద్ధం రాగానే ప్రభుత్వం ఆ కోటల నుంచి సైన్యాన్ని తీసేసింది. దక్షిణాది వాళ్ళు వెంటనే వచ్చి ఒప్పందం చేసుకోండి అన్నారు. చెరోకీ నాయకుడు జాన్ రాస్ మే నెలలో, ఇది మా యుద్ధం కాదు, ఎటూ చేరమని ప్రకటించాడు. ఆగస్టు వచ్చేసరికి నిలబడలేకపోయాడు. అక్టోబరులో దక్షిణాదితో ఒప్పందం మీద సంతకం పెట్టాడు. చెరోకీల్లో ఉన్నవాళ్ళు, రాస్‌తో సహా, నల్లవాళ్ళను బానిసలుగా ఉంచుకున్నారన్నది కూడా చెప్పాలి. ఆదివాసులం కాబట్టి ఆ మాట దాచి చెప్పడం మాకు ఇష్టం లేదు.

క్రీకుల పెద్ద ఓపోత్లెయహోలా మాత్రం పాత ఒప్పందం మీదే నిలబడ్డాడు. మీరు మమ్మల్ని కాపాడతామన్నారు కదా అని లింకన్‌కు ఉత్తరం రాయించాడు. సైన్యం రాలేదు. ఆ చలికాలం వేలమంది జనాన్ని వెంటబెట్టుకుని ఉత్తరాన కాన్సాస్ వైపు బయలుదేరాడు. దారిలో మూడుసార్లు దాడులు జరిగాయి. డిసెంబరు 26 నాటి దాడిలో బండ్లు, పశువులు, తిండి అన్నీ పోయాయి. మంచులో కట్టుబట్టలతో కాన్సాస్ చేరి, చాలామంది అక్కడే చలికీ ఆకలికీ చనిపోయారు. బతికిన మగవాళ్ళు 1862లో ఉత్తరాది సైన్యంలో చేరారు. తమకు ఇచ్చిన మాట నిలుపుకోని రాజ్యానికి తమ మాట నిలుపుకున్నారు. 1866లో కొత్త ఒప్పందాలు రాసినప్పుడు, ఎటు నిలబడ్డారని చూడకుండా జాతి మొత్తం నుంచి భూమి తీసుకున్నారు.

ఇలాంటి పిలుపే ఇంకొకటి ఉంది. 1864 ఆగస్టులో కొలరాడో గవర్నరు ఇవాన్స్ ఆదివాసుల మీదికి పంపడానికి వంద రోజుల సైనికులను చేర్చాడు. వాళ్ళ గడువు ముగియవస్తుండగా, నవంబరు 29న, కర్నల్ చివింగ్టన్ వాళ్ళను శాండ్ క్రీక్ వాగు దగ్గర షయాన్, అరాపహోల గుడారాల మీదికి నడిపించాడు. షయాన్ పెద్ద బ్లాక్ కెటిల్ తన గుడారం మీద అమెరికా జెండా ఎగరేసి ఉన్నాడు. శాంతిగా ఉన్నవాళ్ళకు అది రక్షణ అని వాళ్ళతో చెప్పారు. నూట యాభై మందికి తక్కువ కాకుండా చంపారు. ఎక్కువ మంది ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. ఆ రోజు అక్కడే ఉన్న కెప్టెన్ సైలస్ సోల్ తన దళాన్ని కాల్పులకు దించలేదు. తర్వాత విచారణలో చూసిందంతా చెప్పాడు.

2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం పేరుతో మన కుర్రవాళ్ళ చేతికి తుపాకులిచ్చి, మన గూడేల మీదికే పంపారు. ప్రత్యేక పోలీసు అధికారులని పేరు, నెలకు మూడు వేలు. అవతలి దళాలూ మన పిల్లలనే తీసుకున్నాయి. 2011 జూలై 5న సుప్రీం కోర్టు, అంతంతమాత్రం చదువుకున్న ఆదివాసీ యువకులను ఇలా వాడుకోవడం రాజ్యాంగ విరుద్ధమన్నది. తీర్పు ఇచ్చిన ఇద్దరిలో ఒకరు మన తెలుగువారు, జస్టిస్ సుదర్శన్ రెడ్డి. అప్పట్లో ఊళ్ళు వదిలి ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వచ్చినవాళ్ళ పిల్లలు మా బడుల్లో చదివారు, చదువుతున్నారు. అటు ఒక అన్న, ఇటు ఒక అన్న ఉన్న ఇళ్ళవి. వాళ్ళ ముందు లింకన్ పాఠం చెప్పేటప్పుడు పిలుపు వచ్చింది, అందరూ కదిలారు అని ఒక్క ముక్కలో ముగించడం మాకు చేతకాదు. నాలుగో పెన్సిల్వేనియా వాళ్ళ సంగతీ చెబుతాం, ఓపోత్లెయహోలా సంగతీ చెబుతాం. సోల్ గురించి చెప్పినప్పుడు, విచారణలో సాక్ష్యమిచ్చిన కొద్ది వారాలకే, 1865 ఏప్రిల్‌లో, ఆయన్ని డెన్వర్ వీధిలో కాల్చి చంపారని కూడా చెప్పాలి. చంపినవాళ్ళకు శిక్ష పడిందా సార్ అని పిల్లలు అడుగుతారు. పడలేదు. చివింగ్టన్‌కూ పడలేదు.