ఇంటి విరేచనాలు – చేతుల తహారత్



ఇంట్లో ఒక బిడ్డకు విరేచనాలు పట్టుకుంటాయి. రెండు వారాలకు తల్లికి, ఆ తర్వాత చెల్లెలికి. మందు వాడితే తగ్గుతుంది, నెల తిరక్కుండా మళ్ళీ మొదలవుతుంది. పెద్దవాళ్ళు నజర్ తగిలిందంటారు. నజర్ సత్యమే, హదీసులలో ఉంది. కాని ప్రతి కడుపు జబ్బునూ దాని మీదికి నెట్టేసి మన చేతుల సంగతి మరచిపోవడం సరికాదు.

జియార్డియా, అమీబా అనే పరాన్నజీవులు గట్టి పొర కప్పుకొని రోగి మలంతో బయటికి వస్తాయి. కంటికి కనబడవు. జియార్డియా పది కణాలు నోట్లోకి పోయినా జబ్బు చేయవచ్చు. అది బయటపడడానికి 1 నుంచి 3 వారాలు పడుతుంది గనుక ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఇంట్లోవాళ్ళకు అంతుపట్టదు. అమీబా ఉన్నవారిలో చాలామందికైతే ఏ బాధా ఉండదు. వంట చేస్తూ, పిల్లలకు ముద్దలు కలిపి పెడుతూనే ఉంటారు. బిడ్డకు కడిగిన చెయ్యి, గోళ్ళ సందు, కుండలో ముంచిన గ్లాసు... దాని దారి ఇంతే.

అంటువ్యాధి అనేదే లేదని హదీసులో ఉంది కదా అని కొందరు సోదరులు మమ్మల్ని నిలదీస్తారు. అల్లాహ్ చిత్తం లేకుండా రోగం తనంతట తానే అంటుకుంటుందన్న అజ్ఞానకాలపు నమ్మకాన్ని ఆ హదీసు ఖండించింది. జబ్బు ఒంటెలను ఆరోగ్యంగా ఉన్నవాటి వద్దకు తేవద్దని కూడా దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఆదేశించారు. రెండూ బుఖారీ, ముస్లింలలో ఉన్నవే. కారణాలను సృష్టించినవాడు కూడా అల్లాహ్‌యే కదా!

నిద్ర లేచినవారు చేతులు మూడుసార్లు కడుక్కోకుండా నీటి పాత్రలో ముంచరాదని ఆయన బోధించారు. నిద్రలో ఉన్న చేతికే ఇంత జాగ్రత్త అయితే, బిడ్డ మలం కడిగిన చేతి మాటేమిటి? గుస్ల్ వేళ మర్మాంగాలు కడుక్కున్నాక ఆయన చేతిని నేలకో గోడకో రుద్ది కడుక్కున్నారని హజ్రత్ మైమూనా (రజి) తెలిపారు. ఆనాటి మట్టి పని నేడు సబ్బు చేస్తుంది.

ఇక్కడ మా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఎంత నజాసత్ మాఫీయో, నీళ్ళు ఎన్నిసార్లు పోయాలో మదర్సాలో పిల్లలకు కంఠస్థం చేయిస్తాం. ఇస్తింజా తర్వాత సబ్బుతో రుద్దమని ఎంతమందిమి చెప్పాం? హౌజు దగ్గర నిలబడి వుజూ దిద్దిన మేము, మరుగుదొడ్డి దగ్గర సబ్బు ఉందో లేదో చూడలేదు. నీటితో మలినం పోతే షరీఅత్ ప్రకారం చెయ్యి పాక్ అయినట్లే. కాని గోళ్ళ సందులోనిది పోవాలంటే రుద్దాలి. గోళ్ళకు నలభై రోజులన్నది దాటకూడని హద్దు, అంతవరకు పెంచమని కాదు.

బిందెలో గ్లాసు ముంచకండి, పొడవు కాడ ఉన్న గరిటె వాడండి. నీళ్ళు తెర్లడం మొదలయ్యాక 1 నిమిషం మరగనివ్వండి. మామూలుగా కలిపే క్లోరిన్‌కు జియార్డియా అంత తేలిగ్గా చావదు. జబ్బు మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఇంటిల్లిపాదికీ మలపరీక్ష అవసరమా అని డాక్టరును అడగండి. బిడ్డకు తల్లిపాలు ఆపకుండా ఓ.ఆర్.ఎస్. తాగించండి. రక్తం పడినా, బిడ్డ నీరసించి కళ్ళు లోతుకు పోయినా తావీజు కోసం తిరగకుండా అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. దుఆ దారిలో చేసుకోవచ్చు.