అబద్ధపు కిరాయి

ఆ ఊళ్ళో నన్ను మొదట అడిగిన మాట "ఏం చదువుకున్నరు సార్" అని కాదు. "మా పిల్లలకు ఏం చెప్తరు" అని కూడా కాదు. "మీరేమోళ్ళు సార్?" అని. నేను అడిగిందేమో కిరాయికి ఒక అర్ర దొరుకుతదా అని.

2019లో నాకు టీచరు కొలువు వచ్చింది. నల్లమల అంచున ఊరు. అచ్చంపేట నుంచి నలభై కిలోమీటర్లు. పొద్దున ఒక బస్సు, మాపున ఒక బస్సు. మా ఇంట్లో డిగ్రీ దాకా పోయింది నేనే మొదలు. మా నాయిన చెప్పులు కుట్టిండు, డప్పు కొట్టిండు. మా అవ్వ నాట్లకు, కలుపులకు పోయింది. సర్కారు కొలువు వస్తే కులం సగం తగ్గుతదని మా గేరిలో అందరూ అనుకున్నరు. నేనూ అనుకున్న.

ముందు పైసల లెక్క చెప్త. అప్పుడు నా మూలవేతనం 21,230 రూపాయలు. పల్లెలో పనిచేసేవాళ్ళకు ఇంటి అద్దె భత్యం 12 శాతం. అంటే నెలకు 2,500 పైచిలుకు. ఆ ఊళ్ళో రెండర్రల ఇంటి కిరాయి 1,500. 2021 పీఆర్సీలో శాతం 11కి తగ్గింది కాని మూలవేతనం 31,040 అయింది గనక భత్యం 3,400 దాటింది. ఏ లెక్కల సారునడిగినా నాకు ఇల్లు అందుబాటులో ఉన్నట్టే చెప్తడు. మారుమూల పల్లెల్లో కిరాయిలు తక్కువ అని పుస్తకాలు రాసేవాళ్ళు కూడా అదే చెప్తరు. కాగితం మీద ఇల్లు అందింది. ఊళ్ళో అందలేదు.

మొదటి రోజు మూడిండ్లు తిరిగిన. మూడు చోట్లా అదే ప్రశ్న. నేను మాదిగ అని చెప్పిన. ఎవరూ నన్ను తిట్టలేదు. ఒకాయన కొడుకు వస్తుండన్నడు. ఒకాయన ఆ అర్రలో వడ్లు పోస్తామన్నడు. ఒకామె చల్ల ఇచ్చి, ఇంట్లో పెద్దలున్నరు సార్, ఏమనుకోకు అన్నది. ఆ చల్ల నేను అరుగు మీద నిలబడి, వాళ్ళు తెచ్చిన ప్లాస్టిక్ గ్లాసులో తాగిన.

మన గేరికి పోతే అయిపోయేది కదా అని చదివేవాళ్ళు అడగొచ్చు. పోయిన. అక్కడ ఇయ్యను అన్నవాళ్ళు లేరు, ఇయ్యడానికి అర్ర లేదు. సర్కారు ఇచ్చిన జాగాలో ఒక్క అర్ర ఇల్లు. అందులో అవ్వ నాయిన, కొడుకు కోడలు, పిల్లలు. రెండో కొడుక్కు పెండ్లయితే గోడకానుకొని ఒక రేకుల చాటు. కిరాయి అనేది ఎక్కడ పుడుతది? మిగులు అర్ర ఉన్నకాడ పుడుతది. మిగులు అర్ర మిగులు పంటతో వస్తది. మిగులు పంట భూమితో వస్తది. భూమి ఎవరికాడ ఉందో కిరాయి వాళ్ళకాడికే పోతది. ఊళ్ళో అర్రలున్నయి, నాకియ్యరు. గేరిలో నాకిస్తరు, అర్రల్లేవు. ఈ రెంటి నడుమ బస్టాండు చెట్టు కింద నా ట్రంకు పెట్టెతో కూర్చున్న.

నాలుగో ఇంటికాడ "కాపోళ్ళం" అన్న. మా ఇంటిపేరు రెండు మూడు కులాల్లో ఉంది. అది నాకు అక్కరకొచ్చింది. ఇంటాయన తాళంచెవి చేతికిచ్చిండు.

ఇంక ఆ కిరాయి సంగతి. నెలకు 1,500 నేను ఇంటాయనకు కట్టిన. దాని మీద ఇంకొకటి కట్టిన. అంబేద్కర్ ఫోటో రెండున్నరేండ్లు ట్రంకు పెట్టెలో బట్టల కింద ఉంది. పెద్దకూర వాసన ఆ ఇంట్లోకి రానియ్యలేదు. ఫోన్ల మా అన్నతోని మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించిన. ఊళ్ళో చావు డప్పు మోగితే నా వేళ్ళు వాటంతటవే దరువు వేసేవి. వాటిని లుంగీలో దాచుకున్న. అన్నిటికంటే పెద్దది, మా అవ్వను రావొద్దన్న. దూరమెక్కువ, బస్సుల్లేవు అన్న. అదీ అబద్ధమే. మా అవ్వ మాట, కట్టు, పిలుపు నన్ను పట్టిస్తయని భయపడ్డ. నన్ను కన్నామె నాకు సాక్ష్యమైపోయింది.

ఒకనాడు బడిలో పిల్లలకు హరిశ్చంద్రుని కథ చెప్తున్న. ఆడిన మాట తప్పలేదు, రాజ్యం పోయింది, ఆలిని అమ్ముకున్నడు, వీరబాహునికి అమ్ముడుపోయి కాటికాపరి అయిండు. చెప్తుంటే నా నోరు ఎండింది. ఆ కథలో రాజు ఎంత కిందికి పడ్డడో చూపడానికి వీరబాహుని కులాన్ని కొలతగా పెట్టిండ్రు. రాజు నిజం చెప్పి వీరబాహుని పంచకు చేరిండు. వీరబాహుని మనవణ్ణి నేను, అబద్ధం చెప్పి కాపోళ్ళ పంచకు చేరిన. కథ అయినంక గేరి పిల్ల ఒకామె లేచి, "సార్, మీరు నిజమే చెప్తరా ఎప్పుడూ?" అన్నది. మిగతా పిల్లలు నవ్విండ్రు. నేను బోర్డు తుడిచిన.

ఆ రాత్రి బరోడా గుర్తుకొచ్చింది. 1917లో అంబేద్కర్ కొలంబియాలో, లండన్‌లో చదివొచ్చి, స్కాలర్‌షిప్ ఒప్పందం ప్రకారం బరోడా సంస్థానంలో కొలువుకు చేరిండు. కొలువుంది, ఉండటానికి చోటు లేదు. ఏ హిందూ హోటలూ ఇయ్యదని ఆయనకు తెలుసు. చివరికి పార్సీల సత్రంలో, పార్సీ పేరు పెట్టుకొని, రోజుకు రూపాయిన్నర ఇచ్చి ఉన్నడు. పదకొండో రోజు పార్సీలు కట్టెలు పట్టుకొచ్చి వెళ్ళగొట్టిండ్రు. ఒక హిందూ స్నేహితుడు, ఒక క్రైస్తవ స్నేహితుడు, ఇద్దరూ ఇంటికి రమ్మనలేకపోయిండ్రు. సాయంత్రం దాకా తోటలో కూర్చొని బొంబాయి రైలెక్కిండు. ఈ సంగతంతా ఆయనే రాసిండు. దొంగ పేరు పెట్టుకున్ననని దాచుకోలేదు. పద్ధెనిమిదేండ్ల తర్వాత తలచుకున్నా కన్నీళ్ళొస్తయని రాసిండు. ఆ కన్నీళ్ళు అబద్ధమాడినందుకు కావు.

మరి నేను ఆడింది పాపమా?

దీని మీద నేను చాన్నాళ్ళు కొట్లాడుకున్న. ఇంటాయనకు నా కులం తెలుసుకునే హక్కు లేదు. కిరాయి ఇస్తనా, ఇల్లు పాడుచేస్తనా, అది అడగొచ్చు. దొంగ కత్తి పట్టుకొని పైసలెక్కడున్నయని అడిగితే చూపించేవాడు సత్యవంతుడు కాడు. నా కులం అడిగిన నోరు కూడా కత్తి పట్టుకునే అడిగింది. ఇంటాయనకు నేను నిజం బాకీ లేను. ఇందులో నాకు అనుమానం లేదు. కులం దాచుకొని పట్నాల్లో బతికే మన అక్కచెల్లెండ్లను, విద్యార్థులను తప్పుపట్టేవాళ్ళు ముందు వాళ్ళకొక అర్ర ఇప్పించి మాట్లాడాలె.

కాని అబద్ధం ఇంటాయన ఒక్కడి చెవిలోనే పడలేదు. గేరి పిల్ల చెవిలో పడ్డది. "మన సారు మనోడు కాడు" అని ఆ పిల్ల నమ్మింది. బోర్డు ముందర నిలబడేటోడు మన గేరి నుంచి రాడని నమ్మింది. నేను బడికి పోయిందే ఆ నమ్మకాన్ని చెరపడానికి కదా! బాకీ ఉన్నది ఇక్కడ. కిరాయి నేను కడుతున్ననని అనుకున్న. నాతోపాటు ఆ పిల్ల కట్టింది, మా అవ్వ కట్టింది.

2022 ఎండకాలం అవ్వ చెప్పకుండనే వచ్చింది. సద్ది మూటతో బస్సు దిగి అడుక్కుంట అడుక్కుంట ఇల్లు పట్టుకుంది. నేను బడి నుంచి వచ్చేసరికి ఇంటామెతో మాట్లాడుతుంది. "ఏమోళ్ళవమ్మా" అని ఇంటామె అడిగిందట. "మాదిగోళ్ళమమ్మా, సారు నా కొడుకు" అన్నదట. ఊరి పేరు చెప్పినట్టు చెప్పింది. నేను రెండున్నరేండ్లు మోసిన బరువు ఆమెకు బరువే కాదు.

వారానికి ఇంటాయన వచ్చి "కొడుకొస్తుండు సార్, ఇల్లు కావాలె" అన్నడు. నన్ను మోసం చేసినవని ఒక్కమాటన్నడు, అంతే. అడ్వాన్సులో సున్నానికి 800 పట్టుకున్నడు. నేను దిగినప్పుడు ఆ గోడలకు సున్నం లేదు.

కేసు పెట్టమని సంఘం మిత్రులన్నరు. 1955 నాటి అంటరానితనం నేరాల చట్టం, 1976లో పౌరహక్కుల రక్షణ చట్టమని పేరు మారింది, నివాసం దగ్గర అంటరానితనంతో అడ్డుపడటాన్ని నేరమే అంటది. కాని చట్టానికి కారణం కావాలె. "కొడుకొస్తుండు" అనేది కారణం కాదా? ఊరు చట్టం కంటే బాగా చదువుకుంది. కులం పేరెత్తకుండ కులం చేయడం నేర్చింది. నేను కేసు పెట్టలేదు. పెట్టాల్సిందేమో అని ఇప్పటికీ అనిపిస్తది.

ఇప్పుడు గేరిలో ఉంటున్న. ఒక పెద్దమ్మ కొడుకు కోడలు హైదరాబాదుకు కూలికి పోయిండ్రు. వాళ్ళ రేకుల అర్ర నాకిచ్చింది. వానొస్తే రెండు చోట్ల గిన్నెలు పెట్టాలె. ఎంత కిరాయి పెద్దమ్మా అంటే, "నువ్వుంటే నేనెట్ల పైసలు తీసుకోవాలె కొడుకా" అన్నది. ఆ గేరిలో కిరాయి తీసుకున్న మనిషి అంతకుముందు ఎవరూ లేరు. ఊళ్ళోవాళ్ళకు ఇచ్చిన 1,500 ఆమెకూ ఇస్తనన్న. ప్రేమ పేరుతో ఆమె అర్రను ఉత్తగ వాడుకుంటే అదీ వెట్టే అయితది. నెల రోజులు కొట్లాడితే తీసుకుంది.

అంబేద్కర్ ఫోటో గోడకెక్కింది. పొద్దున గేరి పిల్లలు నాతోనే బడికి నడుస్తరు. ఆ పిల్ల ఇప్పుడు హైస్కూలుకు పోతుంది. ఒకనాడు ఎదురొచ్చి, "సార్, మీరు అప్పుడెందుకు చెప్పలేదు?" అని అడిగింది.

ఇల్లియ్యరని చెప్పలేదు అన్న. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "మరి వాళ్ళెందుకు అడగాలె సార్?" అన్నది.

నేను రెండున్నరేండ్లు నన్నే అడుక్కున్న ప్రశ్న అది కాదు. అడగాల్సింది మాత్రం అదే.