ఎరుక చెప్పించుకొనుట, ఎరుకపడుట

తొలకరి వాన కురిసి చేలలోని పైమన్ను కొట్టుకొనిపోయిన పిమ్మట వజ్రకరూరు పరిసరములలో జనులు తలలు వంచి నేలను వెదకుచు నడచుట ఏటేట కనవచ్చు దృశ్యము. భూగర్భమునుండి పైకి చొచ్చుకొనివచ్చిన కింబర్లైటు శిలలు ఈ ప్రాంతమున కలవు. ఆ శిల శిథిలమై మన్నైనప్పుడు అందలి వజ్రము బయటపడును. పేరులోనే వజ్రము గల ఊరిది. వాన నమ్మరాని సీమయు ఇదియే. ఏటికి సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే వర్షము గల అనంతపురము జిల్లాలో, వేరుసెనగ పండునో ఎండునో తెలియని రైతునకు ఒక్క రాయి దొరికిన అప్పు తీరునను ఆశ కలుగుట వింత కాదు. ఇట్టి ఆశ ఉన్నచోట జోస్యమునకును గిరాకి ఉండును. ఏ దిక్కునకు పోవలెను, ఏ వారము బయలుదేరవలెను అని అడుగువారుండగా చెప్పువారు కరవగుదురా?

ఈ ప్రశ్న నేడెత్తుటకు వేరొక కారణము కలదు. 'టారో' అను చిత్రపు పేకల వాడుక మన నగరములకును వచ్చినది. వానిని వాడువారిలో కొందరు చెప్పు మాట తేలికగా తోసివేయదగినది కాదు. జరుగబోవునది తెలిసికొనుట తమ ఉద్దేశము కాదనియు, మనస్సును పరీక్షించుకొనుటకే బొమ్మను ఎదుట పెట్టుకొందుమనియు వారందురు. సంఘములోని అన్యాయమును ఎదిరించువారు సైతము తమ భయమును, అలసటను, తమలో దాగిన పెత్తనపు కోరికను చూచుకొనుటకు ఈ పేకలను అద్దముగా వాడుచున్నారు.

ఈ పేకలు 15వ శతాబ్దమున ఉత్తర ఇటలీలో ఆటకొరకు పుట్టినవి. కట్టకు 78 పేకలు. జోస్యమునకు వాడుట 18వ శతాబ్దపు చివర ఫ్రాన్సులో ప్రబలెను. ప్రాచీన ఈజిప్టు విద్య యని అప్పుడు జరిగిన ప్రచారమునకు ఆధారము లేదు. పమేలా కోల్మన్ స్మిత్ అను చిత్రకారిణి గీయగా 1909లో లండనులో వెలువడిన బొమ్మలు నేడు మిక్కిలి వాడుకలో నున్నవి. 1970 దశకమున అమెరికాలో విక్కీ నోబుల్, కరెన్ వోగెల్ అను ఇద్దరు స్త్రీలు, పాత పేకలలోని రాజు, రాణి అను అంతరువులను తీసివేసి, స్త్రీలకును పలుజాతుల జనులకును చోటిచ్చుచు గుండ్రని పేకలను రూపొందించిరి. బొమ్మలో ఎవరి ముఖముండవలెనను ప్రశ్నయే అక్కడ న్యాయప్రశ్న యయ్యెను.

మనకు చిలుక జోస్యమున్నది. అందును దేవతల బొమ్మలు గల అట్టలే, తీయునది చిలుక. మన స్వేచ్ఛను నిర్ణయించు ఆ ప్రాణి పంజరమున నుండుటను తలచువారు తక్కువ. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద దేశవాళీ చిలుకలను పట్టి పెంచుట నేరము.

అంతకంటె లోతైనది ఎరుకల స్త్రీ చెప్పు సోది. 'ఎరుక' యనగా తెలివి, జ్ఞానము. కన్నడ శరణులు 'అరివు' అన్నదియు మన 'ఎరుక'యు ఒకే మూలమునుండి వచ్చిన మాటలు. అరివే గురువని శరణులు బోధించిరి. మనమో ఆ మాటను ఒక కులమునకు పేరుగా పెట్టి, ఆ కులపు స్త్రీని వాకిట నిలిపి, చేటలో గింజలు పోసి, మన భాగ్యము చెప్పుమంటిమి. ఆమె భాగ్యమెట్టిదో అడిగితిమా? 1871 నాటి నేరస్థ జాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికి విస్తరింపగా, ఎరుకలవారు పుట్టుకతోనే నేరస్థులుగా లెక్కింపబడిరి. వారిని ఉంచుటకు 1913లో నాటి గుంటూరు జిల్లాలో స్టూవర్టుపురము ఏర్పడెను. 1952లోగాని ఆ చట్టము తొలగలేదు. పరుల నుదుటివ్రాత చదువు స్త్రీ నుదుట సర్కారు వ్రాసిన వ్రాత ఇది. ఆమె నోట మన భవిష్యత్తు విన్న ఇండ్లలో ఎన్ని ఆమెకు గడప దాటనిచ్చినవి?

చిత్రపటము చెడ్డదని నేననజాలను. బొమ్మను చూచి మనస్సు కదలుట సహజము. కాని దానినేమి అడుగుచున్నామనుటయే విచారింపవలసినది. 'నాకేమి దొరకును' అని అడిగినవానికి పేకయు, చిలుకయు, పంచాంగమును సమానమే. 'నేనెవరికి ఏమి బాకీపడితిని' అని అడిగినవానికి బొమ్మ కొంతదూరము తోడురావచ్చును. అటుపై అన్యాయము పొందినవాని మాట వినవలసినదే. ఆ మాట ఏ పేకలోను అచ్చుపడి యుండదు. అద్దము నా ముఖమును చూపునుగాని పొరుగువాని ఆకలిని చూపదు. సంఘసేవ చేయువారికి ఈ పేకలవలన గల అపాయమిదియేనని నా తలంపు: తమ బాధను తాము తిరుగవేసి చూచుకొనుటలోనే దినము గడచిపోవును.

ఇష్టలింగధారులకు ఈ విషయమున ఒక సౌలభ్యము కలదు. జోస్యులు స్త్రీల ఎడమ అరచేతిని పట్టి రేఖలు చదువుదురు. ఆ యెడమ అరచేతనే మనము లింగమునుంచి, స్త్రీపురుష భేదము లేక, దృష్టి నిలుపుదుము. రేఖలు లింగము క్రింద మరుగుపడును. ఇది గురువులు కావలెనని చేసిన యేర్పాటో కాదో చెప్పజాలనుగాని, పూజలో కూర్చున్నంతసేపు నుదుటివ్రాత, చేతివ్రాత అను మాటలకు తావుండదు.

కల్యాణములో చర్మకారుడైన హరళయ్య కుమారునకు, బ్రాహ్మణ వంశజుడైన మధువరసు కుమార్తెకు వివాహము జరిగినట్లును, అందుకై బిజ్జలుడు ఆ తండ్రులను ఘోరముగా శిక్షించినట్లును శరణకథలు చెప్పును. ముహూర్తబలమును, వర్ణమైత్రిని లెక్క చూచియుండినచో ఆ పెండ్లి జరుగునా? ఫలమేమగునో జోస్యుడు చెప్పకయే వారికి తెలియును. తెలిసియు చేసిరి. నేడు మన ఇండ్లలో పెండ్లిమాట మొదలగుటయే జాతకములు చేతులు మారుటతో. ఉపకులము కలియకున్న ఆ జాతకమునైనను విప్పరు.

త్రాళ్లు పేను నులియ చందయ్య కథ కూడ ఇచట స్మరింపదగినది. గడ్డి కోయుచుండగా లింగము నీట జారిపడినను ఆయన కాయకము మానలేదట. లింగమే వెంటబడి వచ్చెనట. ఆయనను తమవాడని కన్నడసీమలో కొరమ, కొరచవారు నేడును కొలుచుచున్నారు. ఎరుకలవారికి ఆ జనులు దగ్గరి బంధువులు. సోది చెప్పు స్త్రీ ఈసారి వాకిటికి వచ్చినప్పుడు చేయి చాపుటకు ముందు ఆమెకు పీట వేయవచ్చును. చందయ్య పేరు ఆమె విన్నదో లేదో, పిల్లల చదువు ఏ తరగతిలో ఆగెనో, మఠపు దాసోహ పంక్తిలో ఆమె ఎన్నడైనను కూర్చున్నదో లేదో అడుగవచ్చును.